నలభై నిమిషాలు

స్ట్రెచర్‌కున్న నాలుగు చక్రాల్లో వెనక ఎడమది ఎప్పుడూ మొండికేస్తుంది. డ్రైవరు ఆసుపత్రి షెడ్డులో నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ చక్రంలో చుట్టుకుపోయిన వెంట్రుకల్నీ దూది పోగుల్నీ పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతున్నాడు. అంబులెన్సు బండి లోపల అప్పటికే రెండుసార్లు కడిగాడు. ఒకసారి మామూలు నీళ్లతో, ఒకసారి ఫినాయిల్ నీళ్లతో. రెక్సిన్ పరుపు తిరగేసి తుడిచాడు. ఆక్సిజన్ సిలిండర్ నెత్తిన పానా పెట్టి పావు తిప్పు తిప్పాడు, బుస్సుమన్న చప్పుడు విని మళ్లీ బిగించాడు. మీటరు ముల్లు చూడనక్కర్లేదు అతనికి. ఆ చప్పుడును బట్టే లోపల ఎంత మిగిలిందో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే బండి పని. కళ్లు రోడ్డు మీదే ఉండాలి కాబట్టి, వెనక జరిగేదంతా చెవులతోనే తెలుసుకోవడం నేర్చుకున్నాడు.

పొట్టి మనిషి. యాభై నాలుగేళ్లు. కిటికీ వైపు చెయ్యి కమిలి నల్లబడిపోయింది, రెండో చెయ్యి మాత్రం ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు తెల్లగా ఉంటుంది. ఎప్పుడో బానెట్ కింద పడి నలిగిన బొటనవేలి గోరు రెండుగా చీలి, అలాగే పెరుగుతోంది. రోజూ మాసిన ఖాకీ చొక్కాతో తిరిగేవాడు ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడిగాడు, గడ్డం గీసుకున్నాడు, జుట్టుకు తడి చేసి దువ్వుకున్నాడు. పెళ్లిచూపులకి వెళ్లినరోజు కూడా అంత శ్రద్ధ తీసుకోలేదు.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఏడాదిగా ఆ పేరు పెట్టి పిలిచిన నాథుడు లేడు. ఊరందరికీ అతను 'నలభై'. టీకొట్టు దగ్గర నలభై వచ్చాడంటారు. మందుల షాపువాడు నలభై బండి వెళ్లిందంటాడు. మొదట్లో అది తిట్టు. తర్వాత వెటకారం అయింది. ఇప్పుడు అదీ కాదు, ఉత్త పేరు. తిట్టినన్నాళ్లూ ఓర్చుకున్నాడు గానీ, పేరయిపోయాక మాత్రం తట్టుకోలేకపోయాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే అతని గొప్పలు ముందు చెప్పాలి. పోయినేడు ఒక ఆదివారం తెల్లవారుజామున ఆసుపత్రుల కమిటీ ఆఫీసరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా, ఎదుటివాడు ఎవరైనా 'మీరు' అనే మనిషి. ఇక్కడి నుంచి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందో చూడాలి, ఒకసారి వెళ్లొద్దామా అన్నాడు. బండి ఖాళీ. రోడ్డు ఖాళీ. ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో టైము పెట్టాడు. మొదటి మలుపు దాటగానే మీ చెయ్యి చాలా మంచిదండీ అన్నాడు. అంతే, మన డ్రైవరుకి ఒళ్లు పొంగిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆ మాట అన్న పెద్దమనిషి లేడు. చెయ్యి ఎంత మంచిదో చూపించాలని గుంటల్నీ మలుపుల్నీ వెన్నలో కత్తి దింపినట్టు దాటించాడు. సరిగ్గా నలభై నిమిషాలు. దిగాక ఆఫీసరు కాగితం ఇస్తే, అందులో ఏముందో చదవకుండా సంతకం గీకేశాడు. ఇంటికొచ్చి భార్యకి చెప్పుకున్నాడు కూడా. నలభై నిమిషాలే, ఆ ఆఫీసరు నోరు తెరిచేశాడు తెలుసా, అని. ఆవిడ నవ్వింది.

రెండు నెలల తర్వాత సభ పెట్టారు. ప్రసవాల వార్డు, అత్యవసర వార్డు రెండూ ఇక్కడ మూసేసి పెద్దాసుపత్రిలో కలిపేస్తారని తెలిసి ఊరంతా వచ్చింది. దారిలోనే ప్రాణాలు పోతాయని ఒకరి తర్వాత ఒకరు లేచి అరిచారు. ఆఫీసరు గొంతు పెంచలేదు. కళ్లజోడు సర్దుకుని, మీ ఊరి బండిలో, మీ ఊరి డ్రైవరే నలభై నిమిషాల్లో తీసుకెళ్లారు, ఇదిగో ఆయన సంతకం అని కాగితం పైకెత్తి చూపించాడు. డ్రైవరు వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. హాల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అది ఆదివారమని, చీకటితో బయల్దేరామని, బండిలో రోగి లేడని చెప్పాలనుకున్నాడు. నోరు పెగల్లేదు. నోరు పెగలకపోవడం వల్ల ఊరికి జరిగిన నష్టం ఎంతో అప్పుడు తెలియదు. అతనికి జరిగిన నష్టం మాత్రం ఇంకో ఐదు నెలలకి తెలిసింది.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తున్న భార్యకి మూతి పక్కకి పోయింది. కుడిచెయ్యి లేవలేదు. తన బండిలోనే, తన చేత్తోనే తీసుకెళ్లాడు. వెనక అత్తగారు కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంత దగ్గర ఆగారు, రైలు గేటు దగ్గర ఆగారు. గంటా పదహారు నిమిషాలు. పెద్దాసుపత్రి డాక్టరు చెడ్డవాడేం కాదు, గంట ముందు తెస్తే వేరుగా ఉండేదని ఉన్నమాట చెప్పాడు.

నిజానికి ఆఫీసరు చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఇక్కడ మత్తు డాక్టరు లేక సగం ఆపరేషన్లు వాయిదా పడేవి. అక్కడ అందరు డాక్టర్లూ ఒకే కప్పు కింద పగలూ రాత్రీ ఉంటారు. చేరినవాళ్లు బతుకుతున్నారు. చేరితే.

కర్మకాండ అయ్యాక అత్తగారు తన ఊరు వెళ్లిపోతుందనుకున్నారు అందరూ. వెళ్లలేదు. అల్లుడికి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరూ రోజుకి పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఆ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా చూడగానే ఆవిడకి అర్థమైంది. టిఫిన్ డబ్బా అందిస్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ ఆఫీసర్ని ముందు సీట్లో కూర్చోబెట్టకు బాబూ. వెనక ఎక్కించు. నేను కూర్చున్నానే, ఆ బల్ల మీద."

"అలాగే అత్తయ్యా," అన్నాడు.

కమిటీ ఆఫీసరు ఆ రోజు మళ్లీ వస్తున్నాడు. కొత్త ఏర్పాటు ఎలా నడుస్తోందో చూసి రిపోర్టు రాయడానికి. ఈసారి నిజమైన రోగితోపాటు వెళ్లి చూస్తానని ఆయనే రాశాడట. ఏ రోజు వీలవుతుందని ఆసుపత్రి గుమస్తా అడిగితే, డ్రైవరు క్యాలెండరు వైపు చూసి, మంగళవారం అయితే బండికి తీరిక అన్నాడు. మంగళవారం సంత. మంగళవారం పదకొండున్నర తర్వాత గూడ్సు బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, గేటు పడితే లేవదు. ఈ సంగతి కొత్తగా వచ్చిన గుమస్తాకి తెలియదు. డ్రైవరుకి తెలుసు. మూడు వారాలుగా రాత్రి పడుకునేముందు ఆ మంగళవారాన్ని తలుచుకుని పడుకుంటున్నాడు. ఆ పెద్దమనిషి గేటు దగ్గర చెమటలు కక్కుతూ గడియారం చూసుకోవాలి. చూసుకుని నోరు మూసుకోవాలి. మళ్లీ ఆ నోటితోనే ఊరందరి ముందూ ఇంకో అంకె చెప్పాలి. తన పేరు తనకి తిరిగి రావాలి. అతనికి కావలసింది అదొక్కటే.

పదింటికి ఆఫీసరు దిగాడు. మనిషి ఏం మారలేదు, అదే మర్యాద, చంకలో అదే రకం ఫైలు. ఆసుపత్రి వరండాలో నడుస్తూ మూసేసిన వార్డుల్ని చూశాడు. అత్యవసర వార్డు తలుపు మీద 'ఇరవై నాలుగు గంటల సేవ' అన్న అక్షరాల మీద సున్నం కొట్టారు గానీ, సున్నం పల్చబడి అక్షరాలు పైకి కనిపిస్తూనే ఉన్నాయి. ప్రసవాల గదిలో విరిగిన మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పన్నెండేళ్లు ఆ గదిలో పనిచేసిన నర్సమ్మ ఇప్పుడు బండిలో వెనక కూర్చుని రోగుల్ని తీసుకెళుతోంది. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, బండి ఎక్కినప్పుడల్లా ఎవరినో ఒకరిని తిట్టుకుంటుంది. ఆఫీసరు ఆవిడకీ నమస్కారం పెట్టాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, గుర్తుపట్టి, ముఖం విప్పార్చుకున్నాడు.

"మీరే కదండీ, ఆ నలభై నిమిషాలు!"

పాపం, ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. వార్డు మూశాక ఈ ఊళ్లో ఎవరు పోయారో, ఎవరి భార్య పోయిందో ఆయనకేం తెలుసు. డ్రైవరు నవ్వి చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులతో ఆయన గొంతు పట్టుకుంటే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకున్నాడు కూడా. ఆఫీసరు అలవాటుగా ముందు తలుపు వైపు నడిచాడు. రోగి పక్కన కూర్చుంటేనే కదండీ అసలు సంగతి తెలిసేది, అని డ్రైవరు వినయంగా వెనక తలుపు తెరిచాడు. అదీ నిజమే అని ఆయన ఎక్కి, ఆ బల్ల మీద కూర్చున్నాడు. అత్తయ్య మాట చెల్లింది.

రోగి కోసం ఎక్కువసేపు చూడనక్కర్లేకపోయింది. పావు తక్కువ పదకొండుకి బస్టాండు దగ్గర కొట్టున్న టైలరు నడుచుకుంటూ వచ్చాడు. పక్కటెముకల కింద అరచెయ్యి అదిమిపెట్టుకుని, వెనక భార్యతో. అతనూ యాభై దాటినవాడే. డ్రైవరు ఖాకీ చొక్కాలు కుట్టేది అతనే. ఉన్న ఒక్క డాక్టరమ్మ ఈసీజీ తీసి, కాగితం చూసి, నాలుక కింద మాత్ర పెట్టి, పెద్దాసుపత్రికి చీటీ రాసింది. గుండె, ఆలస్యం చెయ్యొద్దు అని నర్సమ్మకి మెల్లగా చెప్పింది. ఈ రెండు మాటలూ డ్రైవరు విన్నాడు. రోజూ వినే మాటలే.

స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే టైలరు ఒప్పుకోలేదు, కూర్చుని వస్తానన్నాడు. నర్సమ్మ కసిరితే పడుకున్నాడు. పడుకుని డ్రైవరుని చూసి కన్ను గీటాడు.

"ఏం నలభై, నిజంగా నలభైలోనే దింపుతావా? సాయంత్రానికి మూడు జాకెట్లు ఇస్తానని మాటిచ్చాను."

డ్రైవరు తలుపు వేశాడు, గొళ్లెం బిగించాడు, ముందుకొచ్చి కూర్చున్నాడు. పదకొండూ ఐదుకి బండి కదిలింది. ఆఫీసరు ఫోన్‌లో టైము పెట్టడం అద్దంలో కనిపించింది.

ఇక్కడ క్వారీ దారి సంగతి చెప్పాలి. భార్య పోయిన నెల్లాళ్లకి డ్రైవరు సెలవురోజు సైకిలు వేసుకుని ఆ చుట్టుపక్కల డొంకలన్నీ తిరిగాడు. కంకర క్వారీ వెనక నుంచి ఒక కట్ట మీదుగా దారి ఉంది. సంతా తగలదు, గేటూ తగలదు, రైలు పట్టాలు వంతెన కిందుగా దాటి అవతల తారురోడ్డు ఎక్కొచ్చు. యాభై నిమిషాల్లో చేరిపోతారు. అడ్డంగా గొలుసు ఉంటుంది, రెండు పొట్టి హారన్లు కొడితే క్వారీ వాచ్‌మన్ దించుతాడు. ఈ దారి ముందే వెతికి ఉంటే, అని తలుచుకున్న రోజుల్లో అతను అన్నం తినడు. బండి దారి తప్పితే ఆఫీసులో జీపీఎస్ డబ్బా మోగుతుందట, ఇప్పటికే రెండు మెమోలు వచ్చాయి. అయినా నిమిషాలు లేని రోగి ఎక్కితే ఆ దారే పడతాడు.

నిమిషాలు ఉన్నదీ లేనిదీ అతను చెవులతో తూస్తాడు. కేకలు పెట్టేవాడిలో టైముంది. కబుర్లు చెప్పేవాడిలో ఇంకా ఉంది. మంచినీళ్లు అడిగినవాడిలో లేదు. డాక్టర్లు నవ్వుతారేమో గానీ, ఇన్నేళ్లలో ఈ లెక్క తప్పలేదని అతని నమ్మకం.

ఊరు దాటారు. వెనక టైలరు ఆఫీసరుగారి చొక్కా వంక చూసి, భుజం కుట్టు దిగిపోయింది, ఎవరు కుట్టారండీ ఇది అని అడుగుతున్నాడు. ఆఫీసరు నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. నువ్వు నోరు మూసుకుని పడుకో అంటోంది భార్య. డ్రైవరు విన్నాడు. కబుర్లు చెబుతున్నాడు. గంటన్నర ఉంది వీడిలో, తేలిగ్గా ఉంది అనుకున్నాడు.

పదకొండూ పదిహేడుకి క్వారీ మలుపు వచ్చింది. కుడివైపు కంకర గుట్టలు, వాటి మధ్య ఎర్రమట్టి బాట. నర్సమ్మ వెనకున్న చిన్న అద్దాల కిటికీ జరిపి తల పెట్టింది.

"క్వారీ దారి పట్టవా?"

అతను వేగం తగ్గించాడు. క్వారీ దారి పడితే యాభై. ఆ పెద్దమనిషి ఫోన్‌లో యాభై అని పడుతుంది. మళ్లీ ఊరంతా కూర్చోబెట్టి, చూడండి, సంతరోజున కూడా యాభై నిమిషాలే, మీ డ్రైవరే తీసుకెళ్లాడు అంటాడు. మళ్లీ తన చేతి మంచితనమే ఊరి మెడకి చుట్టుకుంటుంది. అలా జరగడానికి వీల్లేదు. భార్య తల ఒళ్లో పెట్టుకుని అత్తయ్య కూర్చున్న చోట వాడు కూర్చున్నాడు. ఆవిడ చూసినవన్నీ వాడూ చూడాలి. అన్నీ.

"సారుగారు ఉన్నారు కదమ్మా," అన్నాడు వెనక్కి వినిపించేలా. "రూటు ప్రకారమే పోవాలి."

వెనక నుంచి ఆఫీసరు అందుకున్నాడు. అవును, రిపోర్టులో రాసిన దారిలోనే వెళ్లాలి, నా కోసమని ఏమీ మార్చకండి అన్నాడు. నర్సమ్మ అద్దంలో డ్రైవరు కళ్లలోకి చూసింది. చూసి కిటికీ మూసేసింది. బండి తిన్నగా సాగిపోయింది. ఆ క్షణాన డ్రైవరుకి కడుపులో చల్లగా ఉంది, ఏడాదిలో ఎప్పుడూ లేనంత చల్లగా. ఆ మాట దాచి లాభం లేదు.

సంత రోడ్డు మీదికి వచ్చేసింది. గంపలు, తోపుడు బళ్లు, గొడుగుల కింద పరిచిన పట్టాలు. సైరన్ మోగుతుంటే జనం తప్పుకుందామనే చూస్తారు గానీ, తప్పుకోవడానికి చోటుండాలి కదా. ఒకావిడ టమాటాల గంప ఎత్తేలోగా నిమిషం. దూడని లాగేలోగా నిమిషం. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు, తన పనిలో లోపం చెయ్యలేదు. చేతనైనంత త్వరగానే నడిపాడు. కాకపోతే ప్రతి నిమిషాన్నీ రుచి చూస్తూ నడిపాడు. ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూసి, రోజూ ఇలాగే ఉంటుందా అని అడిగాడు. మంగళవారాలూ శుక్రవారాలూ అండీ, అన్నాడు. పావుగంట అక్కడ పోయింది. వెనక టైలరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, కాకపోతే ఈసారి భార్యతో, మెషీను మీద బట్ట అలాగే వదిలేశాను, కొట్టు తాళం వేశావా అని.

గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండూ నలభై రెండు. చారల కమ్మీ కళ్ల ముందే కిందికి దిగింది.

ముందు మూడు లారీలు, ఒక బస్సు. వెనక నిమిషంలో ఇరవై బళ్లు చేరాయి. ఇంజను ఆపాడు. సైరన్ ఆపాడు, పట్టాలు సైరన్ వినవు. మొదటి గూడ్సు బండి వచ్చింది, ఒక్కో పెట్టె ఒక్కో జన్మలా కదిలింది. అది పోయినా కమ్మీ లేవలేదు. రెండో వైపు నుంచి ఇంకోటి వస్తోంది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆఫీసరు దిగి డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు. కాలరు తడిసిపోయింది. మర్యాద మాత్రం ఇంకా అలాగే ఉంది.

"వేరే దారేమీ లేదాండీ?"

మూడు వారాలుగా ఈ ప్రశ్న కోసమే పడుకుని లేస్తున్నాడు. దీనికి ఇరవై రకాల జవాబులు తయారుచేసుకున్నాడు. అన్నిట్లోకీ మెత్తనిది ఎంచుకున్నాడు.

"రిపోర్టులో లేదండీ."

ఆఫీసరు ముఖం పాలిపోవడం చూశాడు. తనివితీరా చూశాడు. ఇంకో మాట కూడా అందామనుకున్నాడు, నా భార్యని కూడా ఇక్కడే ఆపారండీ అని. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. అప్పుడే వెనక నుంచి టైలరు గొంతు వినిపించింది. కేక కాదు. కబురూ కాదు.

"కాసిని మంచినీళ్లివ్వవే."



డ్రైవరు తలుపు తోసుకుని దిగాడు. గేటు గది దాకా పరిగెత్తాడు. పరిగెత్తే వయసు కాదు, ఒళ్లు కాదు. గేట్‌మన్ కిటికీలోంచి చేతులెత్తేశాడు, బండి దగ్గరికొచ్చేసింది, తీస్తే నా ఉద్యోగం కాదు, నీ ప్రాణమే పోతుంది అన్నాడు. డ్రైవరు వెనక్కి పరిగెత్తాడు. బండి తిప్పి క్వారీ దారికి పోదామని చూశాడు. వెనక ఇంకో బస్సు, పక్కన ట్రాక్టరు, దాని వెనక కనుచూపు మేరా బళ్లు. తియ్యండి, తియ్యండి అని అరిచాడు. ట్రాక్టరువాడు తన వెనక చూపించాడు.

వెనక తలుపులోంచి లోపల కనిపిస్తోంది. నర్సమ్మ ఆక్సిజన్ గొట్టం సర్దుతూ, ఇక్కడ నొక్కండి, ఇంకా గట్టిగా, ఆపకండి అని ఆఫీసరుకి చెబుతోంది. ఆఫీసరు మోకాళ్ల మీద వంగి టైలరు ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతున్నాడు. కళ్లజోడు ఊడి కింద పడింది. ఫైలు కాళ్ల కింద నలుగుతోంది. అందులోంచి జారిన కాగితాల బొత్తి తీసి టైలరు భార్య మొగుడి ముఖం మీద విసురుతోంది, గాలి ఆడితే సర్దుకుంటాడని. డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అతని చెవులకి ఇంక వినవలసిందేమీ లేదు. గూడ్సు బండి చప్పుడులో టైలరు ఎప్పుడు వెళ్లిపోయాడో అంబులెన్సులో ఉన్న ఎవరికీ తెలియలేదు.

పన్నెండూ ఆరుకి కమ్మీ లేచింది. అక్కడి నుంచి డ్రైవరు ఆ ఆదివారం నడిపినట్టు నడిపాడు. ఒక్క గుంట తగల్లేదు, ఒక్క కుదుపు లేదు. చచ్చినవాడికి అంత మంచి ప్రయాణం ఎవరూ ఇచ్చి ఉండరు. పన్నెండూ ఇరవై ఏడుకి పెద్దాసుపత్రి మెట్ల ముందు ఆపాడు. లోపలి డాక్టరు రెండు నిమిషాలు చూసి, గొట్టం తియ్యమన్నాడు.

కాజువాలిటీ బయట సిమెంటు బల్ల మీద ఆఫీసరు కూర్చున్నాడు. చొక్కా బయటికి వచ్చేసింది. చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. డ్రైవరుని పిలిచి పక్కన కూర్చోమన్నాడు. డ్రైవరు కూర్చోలేదు.

"గంటా ఇరవై రెండు," అన్నాడు ఆఫీసరు. "అదే రాస్తాను. సంత, గేటు, అన్నీ రాస్తాను. ఆ వార్డు మళ్లీ తెరవాలని రాస్తాను. ఆ రోజు నేను మీ చేత అలా సంతకం పెట్టించుకోకుండా ఉండాల్సింది. సభలో అందరి ముందూ చెబుతాను. మీ తప్పేం లేదండీ."

అడిగింది దొరికింది. అడిగినదాని కంటే ఎక్కువే దొరికింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. క్వారీ దగ్గర మలుపు ఉందండీ, యాభై నిమిషాలండీ, నాకు తెలుసండీ అని. చెబితే ఈయన అదే రాస్తాడు. రాస్తే వార్డు తెరవరు. చెప్పకపోతే తెరుస్తారు. నోరు అప్పుడు సభలో పెగలనట్టే ఇప్పుడూ పెగల్లేదు. అప్పుడు భయంతో మూసుకుపోయింది, ఇప్పుడు దేనితో మూసుకుపోయిందో అతనికే తెలియలేదు.

టైలరు భార్య గోడ పక్క కూర్చుని ఉంది. ఏడవడం ఇంకా మొదలుపెట్టలేదు. అతన్ని చూసి లేవబోయింది.

"గేటు దగ్గర ఎంత పరిగెత్తావో చూశాను అన్నా. సొంతవాళ్లు కూడా అలా పరిగెత్తరు," అంది.

ఆవిడ వాళ్లు రావడానికి సాయంత్రం అవుతుందన్నారు. బండి ఊళ్లో ఉండాలి, ఇంకెవరికైనా అవసరం పడొచ్చు. ఆఫీసరు అక్కడే ఉండి ఆవిడకి తోడుంటానన్నాడు, ఉన్నాడు కూడా. డ్రైవరు స్ట్రెచర్ వెనక్కి ఎక్కించాడు. నర్సమ్మ ట్రిప్పు కాగితం రాసి ఇచ్చింది. బయల్దేరిన టైము, చేరిన టైము, రెండే గడులు, కింద డ్రైవరు సంతకం. అతను కాగితం పట్టుకుని నిలబడిపోతే ఆవిడ పెన్ను చేతిలో పెట్టింది.

"నేనెవరికీ చెప్పను," అంది.

ముందు సీటు ఖాళీగా ఉంది. తిరుగు ప్రయాణంలో కాళ్లు చాపుకోవడానికి ఎప్పుడూ ముందే కూర్చునే నర్సమ్మ, ఆ రోజు వెనక బల్ల మీద కూర్చుని తలుపు వేసుకుంది.

తిరిగి వస్తూ, ఏమీ ఆలోచించకుండానే క్వారీ దారి పట్టాడు. చెయ్యి అలవాటు. వంతెన కింద నుంచి కట్ట ఎక్కి, కంకర గుట్టల మధ్యకి వచ్చి, హారన్ కొట్టబోయి ఆగాడు. గొలుసు నేల మీదే పడి ఉంది. వాచ్‌మన్ గుడిసె ముందు నిలబడి చెయ్యి ఊపాడు. బండి పక్కకి వచ్చి కిటికీ మీద మోచెయ్యి ఆనించాడు.

"పొద్దున సైరన్ వినబడి గొలుసు దించి పెట్టాను," అన్నాడు. "వస్తావని చాలాసేపు నిలబడ్డాను. పెద్ద కేసేం కాదా?"

డ్రైవరు తల ఊపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో వాచ్‌మన్‌కి అర్థమై ఉండదు. గేరు వేసి బండి కదిలించాడు. ఆసుపత్రి షెడ్డులో ఆపి గడియారం చూశాడు. చూడకుండా ఉండలేడు, అదొక జబ్బు. నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది.

నర్సమ్మ దిగి లోపలికి వెళ్లిపోయింది. అతను బకెట్టు నింపుకొచ్చాడు. ఎవరు పోయినా బండి కడగాలి, ఇంకో రోగి ఏ నిమిషాన్నైనా రావచ్చు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, తలుపులు రెండూ బార్లా తెరిచి, లోపల నేల తుడిచాడు. బల్ల కింద నలిగిన కాగితాలు ఏరి పక్కన పెట్టాడు. తడిగుడ్డతో స్ట్రెచర్ రెక్సిన్ తుడుస్తుంటే వేలికి చురుక్కుమంది. వంగి చూశాడు. టైలరు చొక్కా పట్టీకి గుచ్చుకుని వచ్చిందేమో, రెక్సిన్‌లో ఒక సూది నిలువుగా దిగి ఉంది. దానికి మూరెడు నీలం దారం ఎక్కించి ఉంది, దారం చివర ముడి కూడా వేసి ఉంది, ఇంక కుట్టడమే తరువాయి అన్నట్టు.